లారీ ఎక్కకముందే

తిరుపతిలో పాత పనిముట్లు వెతకాలంటే పాత ఇనుము తూకానికి కొనే గుజరీ అంగళ్లే దిక్కు. అమెరికాలో ఉండే మా అక్క కొడుకు శనివారం పొద్దున్నే కారేసుకుని గరాజ్ సేల్స్‌కి పోతాడు. అక్కడ ఇల్లు ఖాళీ చేసేవాళ్లు, పెద్దాయన పోయాక ఆయన పిల్లలు, కారు షెడ్డు తలుపు తీసి సామానంతా బల్లల మీద పరిచి, ఒక్కోదానికి ధర రాసి పెడతారట. వాడు కొన్న స్టాన్లీ కంపెనీ తోపడలు (చెక్కను చదును చేసేవి), డిస్టన్ కంపెనీ రంపాలు ఫొటో తీసి పంపిస్తుంటాడు. "మామా, దీని వెనక పోతలోనే పేటెంట్ తేదీలున్నాయి చూడు, చివరిది 1910" అంటాడు. చివరి తేదీ అదైతే ఆ తోపడ 1910 తర్వాత చేసిందే అని లెక్క. డిస్టన్ రంపమైతే పిడికి బిగించిన ఇత్తడి బిళ్ల చూసి ఏ కాలానిదో పట్టేస్తారు. ఆ ఫొటోలు చూస్తే నాకు కడుపు నిండిపోతుంది.

మన దగ్గర ఆ పద్ధతి లేదు. మన ఇళ్లలో వడ్రంగి పనిముట్లు బల్ల మీదికి రావు. గోనెసంచిలోకి పోతాయి. అక్కడి నుంచి తక్కెట్లోకి, తక్కెట్లోంచి కుప్పలోకి, కుప్ప పెరిగాక లారీలోకి. లారీ నేరుగా ఇనుము కరిగించే ఫర్నేసుకి పోతుంది. ముప్పై నలభై ఏళ్లు ఒక ఇంటికి అన్నం పెట్టిన ఉలికీ, స్లాబులోంచి పీకిన వంకర కమ్మీకీ ఒకటే రేటు. అందుకే మన ఊళ్లో ఈ వెతుకులాట ఆ లారీతో పోటీ.

ఈ పిచ్చి నాకు మా నాయన నుంచి వచ్చింది. ఆయన ఒక హైస్కూల్లో క్రాఫ్ట్ మాస్టరు. అప్పట్లో బడుల్లో క్రాఫ్ట్ పీరియడ్ ఉండేది. కొన్నిచోట్ల నేత, కొన్నిచోట్ల కుట్టుపని, మా నాయనది చెక్కపని. పొడుగాటి గది, రెండు పెద్ద బల్లలు, గోడకి కొట్టిన పలక మీద వరసగా ఉలులు, రంపాలు, మూలమట్టాలు. ప్రతి పనిముట్టు పిడి మీదా ఆయన వేలెడు వెడల్పున ఆకుపచ్చ పెయింటు గీత గీసేవాడు. బడి సామాను ఇంటికి రాకూడదు, ఇంటి సామాను బడిలో కలవకూడదు. ఆ విషయంలో చాలా పట్టుదల.

ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక సైకిల్ మీద నన్ను ముందు కూర్చోబెట్టుకుని రేణిగుంట రోడ్డు వైపు గుజరీ అంగడికి తీసుకుపోయేవాడు. అంగడి భాయికి ఆయన బాగా తెలుసు. నాయన పోయీపోంగానే ఏదీ అడిగేవాడు కాదు. కుప్ప పక్కన స్టూలేసుకుని కూర్చుని, టీ తాగుతూ, భాయి పిల్లల చదువుల గురించి మాట్లాడుతూ, కళ్లు మాత్రం కుప్ప మీదే పెట్టేవాడు. తుప్పు పట్టిన కుప్పలో అన్నీ ఒకే రంగులో ఉంటాయి. రంగు చూసి ఏరలేం, ఆకారం చూసి ఏరాలి. ఉలి తోక, రంపం వీపు, తోపడ ముక్కు. ఆ ఆకారాలు కంటికి అలవాటైతే ఎంత లోపల ఉన్నా కనబడతాయి.

ఉలి చేతికి దొరికితే ఆయన చేసే పనులకి ఒక వరస ఉండేది. ముందు రెండు వేళ్లతో తోక దగ్గర పట్టుకుని వేలాడదీసి గోటితో కొట్టేవాడు. పగులు లేకుంటే ఖంగుమని సాగుతుంది. పగులుంటే శబ్దం మధ్యలోనే చచ్చిపోతుంది. తర్వాత మొన రంగు చూసేవాడు. మొన దగ్గర నీలం కనిపిస్తే ఎవరో కరెంటు సానచక్రం మీద ఆబగా పెట్టి కాల్చేశారని అర్థం. ఉక్కు అంత వేడెక్కితే గట్టితనం పోతుంది. మళ్లీ కొలిమిలో కాల్చి నీళ్లు పట్టించాలి, లేకుంటే ఆ నీలం పోయేదాకా అరగదీయాలి. ఆఖర్లో గానీ బొటనవేలికి ఉమ్ము తడి చేసుకుని ముద్ర రుద్దేవాడు కాదు. "రేయ్ అబ్బోడా, ముద్ర చూసి మురిసిపోవద్దురా. మొన మంచిదైతే ముద్ర లేకపోయినా కొను" అనేవాడు.

అయినా ముద్ర బయటపడుతుంటే ఆయన మొహంలో వచ్చే వెలుగు నాకు తెలుసు. ఇంగ్లండులో ఉక్కు పనిముట్లకి పేరుపడ్డ ఊరు షెఫీల్డ్. ఆ అక్షరాలు నేను ఇంగ్లీషు పుస్తకంలో కంటే ముందు తుప్పు కిందే చదివాను. మూడు ఆకుల గుర్తుంటే మార్పుల్స్ కంపెనీ. కొన్నిటి మీద కాస్ట్ స్టీల్ అని ఉండేది. పోత ఇనుము కదా, ఉలికి పనికొస్తుందా అని ఒకసారి అడిగాను. అది పోత ఇనుము కాదని, మట్టి మూసలో కరిగించి తీసిన మేలురకం ఉక్కని, 1740ల్లో షెఫీల్డ్ ప్రాంతంలో హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు స్ప్రింగుల కోసం ఆ పద్ధతి కనిపెట్టాడని చెప్పాడు. పాత ఉలుల్లో ఒళ్లంతా ఆ ఉక్కు ఉండదు. ఒళ్లు మెత్తటి ఇనుము, దాని మీద పలుచటి ఉక్కు పొర కొలిమిలో అతికించి ఉంటుంది. సాన పట్టాక వాలు వైపు వెలుతుర్లో తిప్పి చూస్తే మబ్బు రంగు ఇనుమూ, తళతళలాడే ఉక్కూ, వాటి మధ్య వెంట్రుకంత గీత. మన పల్లెల్లో కమ్మరి ఆచారులు గొడ్డలికి ఉక్కు పెట్టడం అంటారే, ఇదీ అదే పని. ఇక్కడి కొలిమికీ అక్కడి కొలిమికీ చేతులు ఒకేలా ఆలోచించాయని నాయన చాలా గర్వంగా చెప్పేవాడు.

మన ఆచారులు చేసినవాటికి ముద్రలుండవు, కానీ వాటినీ ఆయన వదిలేవాడు కాదు. లారీ కమాను పట్టా కోసి సాగగొట్టిన బాడిసలు, అరిగిన ఆకురాయిని (ఇనుము అరగదీసే ఫైలు) మళ్లీ కాల్చి చేసిన ఉలులు. ఆకురాయి ఉలి అని ఎట్లా తెలుస్తుందంటే, ఎంత సాగగొట్టినా పక్కల్లో ఎక్కడో ఒకచోట పాత పళ్ల గరుకు మిగిలి ఉంటుంది. నాకు ఇప్పటికీ షెఫీల్డ్ ఉలి కంటే అట్లాంటిది దొరికితేనే ఎక్కువ సంతోషం. షెఫీల్డ్‌వి లక్షల్లో చేశారు. ఆకురాయి ఉలిని ఒక మనిషి తన అవసరానికి తనే చేసుకున్నాడు.

నాయన రిటైర్ అయ్యాక క్రాఫ్ట్ మాస్టరు పోస్టు నింపలేదు. పీరియడ్ పోయింది. గదికి తాళం పడింది. కొన్నేళ్లకి ఆ గది వేరే దేనికో కావాల్సి వచ్చింది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం భాయి కొడుకు సైకిల్ మీద మా ఇంటికి వచ్చి, "సార్, మీ పచ్చ గీత వచ్చిందంట, మా నాయన రమ్మన్నాడు" అన్నాడు.

మేం పోయేసరికి భాయి వాటన్నిటినీ కుప్పలో కలపకుండా విడిగా గోనెపట్టా మీద పెట్టించి ఉన్నాడు. పలక మీద వరసగా ఉండాల్సినవి అడ్డదిడ్డంగా పడున్నాయి. పిడులు కొన్ని చీలిపోయాయి. మూలమట్టాలు వంగిపోయాయి. ప్రతిదాని మీదా ఆకుపచ్చ గీత. నాయన నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టుకుంటూ, ఇది ఫలానా బ్యాచ్ పిల్లలు వాడింది, ఈ ఉలి మొన విరగ్గొట్టి ఒక పిల్లోడు ఏడ్చాడు అని తనలో తనే చెప్పుకున్నాడు. భాయి తూకం రేటుకి ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. "నేను కొన్న రేటు ఇయ్యండి సార్, చాలు" అన్నాడు. చదువుకున్నవాళ్లు గుర్తుపట్టని గీతని ఆయన గుర్తుపట్టాడు. నేను భాయికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

వాటిలో ఇంట్లో పెట్టుకున్నవి తక్కువ. నాయన బాగుచేసి, తన దగ్గర చదువుకుని వడ్రంగం పట్టిన శిష్యులకి పిలిచి ఇచ్చేశాడు. ఇచ్చేముందు ఆకుపచ్చ గీత మాత్రం గాజుపెంకుతో గీకేశాడు. "ఇంక బడి సొత్తు కాదు కదా" అన్నాడు.

నాయన పోయాక నేను ఒక్కడినే తిరగడం మొదలుపెట్టాను. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత మిద్దెలు పడగొట్టి లాడ్జీలు కడుతున్న రోజులవి. దూలాలు, తలుపులు కొనడానికి పెద్ద పెద్దవాళ్లు వచ్చేవాళ్లు. అటక మీద మూలనున్న పనిముట్ల పెట్టె కోసం ఎవరూ రారు. నేనొస్తాను. మేస్త్రీకి ముందే చెప్పి పెట్టేవాణ్ని.

చిత్తూరు వైపు ఇంకా మంచివి దొరుకుతాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా జిల్లా మద్రాసు కిందే ఉంది. పెద్ద పనులు చేసే వడ్రంగులు సామాన్లకి మద్రాసే పోయేవాళ్లు. పాతవైతే మూర్ మార్కెట్. మా నాయన కూడా అక్కడ కొన్నాడు. 1985లో ఆ మార్కెట్ కాలిపోయిన రోజు ఇంట్లో ఆయన అన్నం సరిగా తినలేదు.

చిత్తూరు సంతపేట వైపు ఒక పెంకుటిల్లు పడగొడుతున్నారని తెలిసి పోయాను. ఇంటి అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఆమె భర్త వడ్రంగి. పోయి చాలా ఏళ్లయింది. కొడుకులు ఆ పనిలోకి రాలేదు. పెట్టె గురించి అడిగితే, "ఉంది నాయనా, ఎవురికి పనికొస్తాది" అంటూ లోపలికి తీసుకుపోయింది. మూత తీసేసరికి పైనే ఉంది ఇనుప తోపడ. పద్నాలుగు అంగుళాల పొడుగు. ఒళ్లంతా తుప్పు, కానీ లోపలి మూలల్లో నీలం పెయింటు ఇంకా అంటుకునే ఉంది. నీలం అంటే రికార్డ్ బ్రాండు. షెఫీల్డ్‌లో సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీ 1930ల మొదట్లో ఈ తోపడలు చేయడం మొదలుపెట్టింది. నమూనా అమెరికాలో తోపడలు తయారుచేసిన బెయిలీ అనే ఆయనది. ఆయన పేటెంట్లని స్టాన్లీ కంపెనీ 1869లోనే కొనేసింది. పేటెంట్ల గడువు తీరాక ఇంగ్లండులోనూ అదే చేశారు. రికార్డ్‌వాళ్లు నెంబరుకి ముందు ఒక సున్నా చేర్చేవాళ్లు. స్టాన్లీ 5 అంటే రికార్డ్ 05.

ముందు పిడి వెనకాల పోతలో ఉన్న ఆ 05 అంకెల గాడిలో ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. మొదట తుప్పనుకున్నాను. తుప్పు అంత ఎర్రగా ఉండదు. పుల్లతో కొద్దిగా గీకి వాసన చూశాను. కుంకుమ. ప్రతి ఏడూ ఆయుధపూజకి పెట్టిన బొట్టు, ఏడాదికొక పొర, అంకెల లోపల రాయిలా పట్టేసింది. "ఆయన ఉన్నన్నాళ్లు అన్నీ కడిగి పసుపు రాసి, బొరుగులు, బెల్లం పెట్టి పూజ చేస్తా ఉన్నిం. ఆ పొద్దు ఎవురినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు" అని అవ్వ చెప్పింది.

పెట్టెలో ఇంకా మూడు ఉలులు, చింతచేవ కొయ్యసుత్తి, నాలుగు మడతల కొలబద్ద ఉన్నాయి. బద్ద బర్మింగ్‌హామ్ రేబోన్ కంపెనీది. పసుపు రంగు బాక్స్‌వుడ్, ఇత్తడి కీళ్లు, విప్పితే రెండడుగులు. అంగుళాలే ఉన్నాయి, సెంటీమీటర్లు లేవు. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. ఆయన మాత్రం చివరిదాకా ఈ బద్దతోనే కొలిచినట్టున్నాడు, ఎందుకంటే మొదటి ఆరంగుళాల మీద గీతలు బొటనవేలి రాపిడికి పూర్తిగా చెరిగిపోయాయి. ఉలుల్లో ఒకటి కొత్తలో నాలుగైదు వేళ్ల పొడుగు ఉండి ఉంటుంది. రెండు వేళ్లు మిగిలింది. మిగతాదంతా సానరాయి మీద కరిగిపోయింది. మొన కొంచెం ఎడమకి వాలి ఉంది. సాన పట్టేటప్పుడు ఒక వైపు వేలు గట్టిగా నొక్కే అలవాటు ఆయనది. తోక దగ్గర సన్నటి మేకుతో చుక్కలు కొట్టి "సు" అని రాసుకున్నాడు.

ధర ఎంతని అడిగితే, "నీకు తోచింది ఇయ్యి" అంది. తూకానికి వచ్చేదానికంటే చాలా ఎక్కువే చేతిలో పెట్టాను. లెక్కపెట్టకుండా కొంగున ముడేసుకుంది. పెట్టె నేను ఎత్తుకోబోతుంటే ఆపి, అడుగున ఉన్న బాడిస మాత్రం తీసేసుకుంది. "ఇది మా మామది. దీన్ని ఇయ్యను" అంది. ఆ బాడిస ఎంత బాగుందో నాకు తెలుసు, అయినా అడగలేదు. దాన్ని గుర్తుపట్టే మనిషి ఆ ఇంట్లో ఇంకా ఉంది కదా.

బాగుచేయడం గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నా. గ్రైండర్‌కి వైరు బ్రష్ బిగించి తుప్పు లేపేయకండి. ముద్రలు అరిగిపోతాయి, మొన వేడెక్కితే నీలం పట్టేస్తుంది. మన ఇంట్లో చింతపండు చాలు. పాత చింతపండు చిక్కగా పిసికి, పిడులు, ఇత్తడి ముక్కలు విప్పేసి, ఇనుమును మాత్రం ఒక రాత్రి నానబెట్టండి. పొద్దున్నే కొబ్బరిపీచుతో తోమితే తుప్పు నల్లటి బురదలా ఊడి వస్తుంది. ఎక్కువసేపు ఉంచితే పులుపు ఇనుమును కూడా తింటుంది, ఒళ్లంతా బూడిదరంగు మచ్చలు పడతాయి. కొంచెం వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి ఎండలో పెట్టి, వేడి తగ్గకముందే ఆముదం రాయాలి. వేరుశెనగ నూనె రాయొద్దు, కొన్నాళ్లకి జిగటగా మారి దుమ్ము పట్టేస్తుంది. ఆముదం ఎండిపోదు. మన పెద్దవాళ్లు బండి ఇరుసులకి ఊరికే వాడలేదు.

తోపడ అడుగు చదును చేయడానికి చిత్తూరు, తిరుపతి వైపు ఉన్న మనకి ఒక అదృష్టం ఉంది. గ్రానైట్ పాలిష్ యూనిట్ల దగ్గర కోసి పారేసిన ముక్కలు ఊరికే ఇస్తారు. మెషీన్ మీద పాలిష్ పట్టిన ఆ రాయిని మించిన చదును ఇంట్లో దొరకదు. దాని మీద ఉప్పుకాగితం పరిచి, తోపడను అటూఇటూ లాగితే ఎత్తున్న చోట మెరుస్తుంది, పల్లం ఉన్న చోట మసకగా ఉంటుంది. ఆ రికార్డ్ అడుగు మధ్యలో పల్లం పడి ఉండింది. మెరుపు అంతటా సమంగా వచ్చేదాకా చేశాను. మిగతాదంతా శుభ్రం చేశాను, 05లోని కుంకుమ మాత్రం కదిలించలేదు.

ఇప్పుడు బెంగళూరు హోటళ్లవాళ్లు కూడా ఈ పాత పనిముట్ల కోసం వస్తున్నారు. వార్నిష్ కొట్టి గోడలకి తగిలిస్తారు. లారీ ఎక్కడం కంటే మేలే, ఒప్పుకుంటా. కానీ మొన పదును పెట్టిన ఉలిని మేకుకి వేలాడదీయడం నాకు బాధగా ఉంటుంది. ఏర్పేడు దగ్గర మాధవమాలలో దేవుడి బొమ్మలు చెక్కేవాళ్లున్నారు. తిరుపతిలో టీటీడీ శిల్ప కళాశాలలో కొయ్య చెక్కడం నేర్చుకునే పిల్లలున్నారు. ఎర్రచందనం నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన చెక్క. ఇప్పుడు దాన్ని అనుమతి లేకుండా ముట్టుకోరాదు గానీ, ఒకప్పుడు మన తిరుపతి బొమ్మలు దాంతోనే చేసేవాళ్లు. అట్లాంటి చెక్క మీద నాసిరకం ఉలి పెడితే మొన పొడిపొడిగా రాలిపోతుంది. పాత ఉక్కు నిలబడుతుంది. ఆ "సు" ఉలిని మాధవమాలలో ఒక కుర్రాడికి ఇచ్చాను. మొన్న పోయినప్పుడు చూస్తే ఇంకొంచెం పొట్టిదయింది. చాలా సంతోషం వేసింది.

ప్లైవుడ్, సన్‌మైకా, కరెంటు తోపడలు వచ్చాక చెక్క ముక్కలకి కుసులు కోసి ఒకదాంట్లో ఒకటి బిగించే పని తగ్గిపోయింది. తోపడలు, ఉలులు ఒక్కసారిగా ఇళ్లలోంచి బయటికి వచ్చేసిన కాలం అది. ఇప్పుడు అదీ అయిపోవచ్చింది. గుజరీ కుప్పల్లో వాషింగ్ మెషీన్ రేకులు, కూలర్ బాడీలే ఎక్కువ. భాయి అంగడి ఇప్పుడు ఆయన మనవడు చూస్తున్నాడు. అతనికి ఫోన్లో ఫొటోలు పంపి ఏ ఆకారం ఏమిటో నేర్పాను. దొరికితే పక్కన పెట్టి ఫోన్ చేస్తాడు.

ప్రస్తుతం నేను వెతుకుతున్నది ఒకటుంది. తలుపు చట్రాలకి గాడి తీసే కొయ్య తోపడ నా దగ్గర ఉంది. పక్కన రెండు మర కడ్డీలు, ఇత్తడి చీలలు, అన్నీ బాగున్నాయి. కత్తులు లేవు. ఆ తోపడకి ఎనిమిది కత్తుల సెట్టు వచ్చేది. జానెడు పొడుగు, ఒక కొన సన్నగా, మొన వైపు మందంగా ఉంటాయి. వీపు మీద సన్నటి గాడి, ఒళ్లు మీద 1 నుంచి 8 దాకా ఏదో ఒక అంకె. తోపడ పక్కన లేకుండా చూస్తే ఇవేంటో ఎవరికీ అర్థం కావు. అందుకే అందరికంటే ముందు ఇవే తూకానికి పోతాయి. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు చుట్టుపక్కల ఎవరి అటక మీదైనా, ఎవరి తాత పెట్టెలోనైనా అట్లాంటి ముక్క ఒక్కటి కనబడినా నాకు చెప్పండి. ఒక్కటే ఉన్నా సరే, నేనే వచ్చి తీసుకుంటాను.